అంకణా కుదిరిన తరువాత

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



రజతోత్సవ సంఘము వారు నన్నుకూడ ఒక యుపన్యాసము చేయుమని కోరినప్పుడు, భారతములోని యేదేని యొక ఘట్టమును గూర్చి మాటలాడుదునని తలచి రెండు రాత్రులు పుస్తకములు తిరుగవేసితిని. మూడవనాడు కార్యదర్శిగారు మా యింటికి వచ్చి, "భారతం చెప్పడానికి పండితులు వస్తున్నారండీ. మీరు మీ లెక్కల సంగతి చెప్పండి. ఊళ్లో బీకాం చదివిన పిల్లలు పదిమంది దాకా ఉన్నారు, వాళ్లకు పనికొస్తుంది" అనిరి. నేను భారతమును మూసి లెక్కల పుస్తకమును తెఱచితిని. అయినను నడుమ నడుమ భారతము తొంగిచూచినచో మన్నింపుడు. ముప్పది యేండ్లుగా పగలు ఒకటియు, రాత్రి యింకొకటియు చదువుచున్నవానికి రెండును కలిసిపోవుట సహజము.

లెక్కలు వ్రాయువానియెడల లోకమునకు సదభిప్రాయము తక్కువ. సుమతీ శతకకారుడు కరణముల మీద ఒకటి కాదు, ఒకటి కంటె నెక్కువ పద్యములే చెప్పియున్నాడు. వానిని చిన్ననాడు బడిలో అప్పజెప్పుచున్నప్పుడు తోడి పిల్లలు నావైపు తిరిగి నవ్వెడివారు. ఏలయన, మా నాయనగారు ఈ గ్రామమునకు కరణము. 1984 జనవరిలో ప్రభుత్వము వారు కరణము, మునసబు పదవులను, తెలంగాణమున పటేలు, పట్వారీ పదవులను రద్దుచేసిరి. అప్పటికి జరుగుచున్నది ఫసలీ 1393. నాకు పదమూడవ యేడు. అడంగళ్లు, 10(1) లెక్కలు, శిస్తు వసూలు పుస్తకములు, మూడు తరముల నాటి కట్టలు ఎఱ్ఱగుడ్డలలో మూటలుగట్టి అప్పగింపవలసివచ్చెను. నాయనగారు ఆ రెండు దినములును భోజనము సరిగా చేయలేదు. కాని ప్రతి పుస్తకమునకును పట్టిక వ్రాసి, తీసికొన్నవారిచేత వ్రాలు చేయించుకొని, ఆ పిదపనే మూటను గడప దాటనిచ్చిరి. ఆ పట్టిక నేటికిని మా యింట నున్నది.

ఆ పదవి పోవుట గ్రామమునకు మేలేయని నేడు నా యభిప్రాయము. మా యింటివారికి ఈ మాట రుచింపదు. తండ్రి తరువాత కొడుకుకు కలము సంక్రమించినప్పుడు, ఆ కలమునకు తప్పు చేయుటకు భయముండదు. భూమి యెవరిదో చెప్పువాడు ఒక్కడే అయినప్పుడు రైతు వానిని చూచి లేచి నిలువబడును. ఆ లేచి నిలువబడుటను మా వారు గౌరవమనుకొనిరి. నా వృత్తి వేఱు. నన్ను పిలిచి పని యిచ్చినవాడు, నచ్చకున్నచో మఱునాడే మానిపింపవచ్చును. ఈ స్వాతంత్ర్యము వానికి ఉండుటచేతనే నేను కొంత జాగ్రత్తగా నుండుట నేర్చుకొంటిని. అయితే, ఆ జాగ్రత్త యెట్లు వచ్చినదో చెప్పుటకు ముందు నేను చేసిన యొక తప్పును మీ యెదుట చెప్పవలసియున్నది.

సార్వత్రిక విశ్వవిద్యాలయము ద్వారా ఇంటివద్ద నుండియే బి.కాం. చదువుచు, 1992లో పట్టణములోని యొక ఎరువుల దుకాణమున గుమాస్తాగా చేరితిని. చిట్టా వ్రాయుట, చిట్టానుండి ఆవర్జాకు ఎక్కించుట, నెలాఖరున అంకణా తీయుట నా పని. ఈ మాటలెఱుగని వారికొఱకు చెప్పుచున్నాను. ఏనాటి వ్యవహారమును ఆనాడే వరుసగా వ్రాయునది చిట్టా. పేరు పేరునకు వేఱువేఱుగా విడదీసి వ్రాయునది ఆవర్జా. ప్రతి వ్యవహారమునకును ఇచ్చిన చేయి యొకటి, పుచ్చుకొన్న చేయి యొకటి యుండును గదా. ఆ రెండు చేతులను రెండు చోట్ల వ్రాసి, కడపట అన్నిటిని కూడినప్పుడు రెండు వైపుల మొత్తములును సమానముగా నిలిచినచో అంకణా కుదిరినదందుము. వెనిసు నగర వర్తకులు పాటించుచుండిన ఈ పద్ధతిని లూకా పాసియోలీ యను సన్న్యాసి 1494లో తన గణిత గ్రంథమునందు చేర్చి అచ్చువేయించెను. ఆయన దానిని కనిపెట్టినవాడు కాడు, వివరించినవాడు. అయిదు వందల యేండ్లు దాటినను, కంప్యూటరు వచ్చినను, దాని యెముకల గూడు మాఱలేదు.

అంకణా కుదిరిననాడు గుమాస్తాకు కలుగు సంతోషము ఇంతింతయని చెప్పరానిది. రాత్రి పది గంటలకు ఆఖరు వరుస కూడి, రెండు మొత్తములును ఒకటే అయినప్పుడు, ఎవరో భుజము తట్టినట్లుండును. ఆ సంతోషమే నన్ను చెఱచినది.

1994 సెప్టెంబరులో ఒకనాటి సాయంకాలము షావుకారుగారు గల్లాపెట్టె లెక్కింపగా 2,700 రూపాయలు తక్కువ వచ్చెను. ఆనాడు బ్యాంకుకు సొమ్ము తీసికొనిపోయినవాడు దుకాణములో పనిచేయు పదునెనిమిదేండ్ల కుఱ్ఱవాడు. నెలకు 600 రూపాయల జీతము. షావుకారుగారు నన్ను పిలిచి, "నీ పుస్తకాల్లో ఏమన్నా తేడా ఉందేమోనోయ్, చూడు" అనిరి. నెలాఖరు వఱకు ఆగుడని చెప్పి, అంకణా తీసితిని. అణా పైసలతో కుదిరినది. "పుస్తకాల్లో తేడా లేదండీ" అని చెప్పితిని. ఆ మాట చెప్పునప్పుడు నా గొంతులో నున్న గర్వము నాకిప్పటికిని వినబడుచుండును. పుస్తకములలో లేనియెడల తప్పు మనిషిలో నుండవలెను. కుఱ్ఱవానిని పిలిచి అడిగిరి. వాడు ఏడ్చెను. ఏడ్చుటనే ఒప్పుకొనుటగా తీసికొనిరి. నెలకు 300 చొప్పున జీతములో తగ్గించిరి. నాలుగు నెలలు అట్లు గడచినవి. అయిదవ నెలలో వాడు పనికి రాలేదు.

ఫాల్గుణ మాసములో, ధాన్యము అమ్ముకొని, ఒక రైతు తన ఖాతా తేల్చుకొనుటకు వచ్చెను. ఆయనకు చదువు రాదు. నేను ఆవర్జా చూచి జమలు చదువుచుండగా, ఒకచోట ఆపి, "బాబూ, మళ్లీ చదువు" అనెను. భాద్రపదములో జమ 6,300 అని చదివితిని. ఆయన పైపంచె కొంగు ముడి విప్పి, మడతలు పడిన రసీదు తీసి నా చేతికిచ్చెను. "నేను కట్టింది మూడువేల ఆరొందలు. ఇదిగో మీరిచ్చిన కాయితం. ఎక్కువ జమ కట్టారు. మీ సొమ్ము నాకెందుకు?" అనెను. రసీదు నా దస్తూరియే. దానిపై 3,600 అని స్పష్టముగా నున్నది. దానిని చూచి చిట్టాకు ఎక్కించునప్పుడు అంకెలు తారుమారు చేసి 6,300 అని వ్రాసితిని. చిట్టా తప్పగుటచే ఆవర్జాయును అట్లే తప్పినది. రెండు వైపులను ఒకే తప్పు పడుటచేత అంకణా చక్కగా కుదిరినది. గల్లాలో మాత్రము రాని 2,700 రూపాయలు పోయినట్లు కనబడినది.

ఇంకొక మాటయు చెప్పవలెను, లేకున్న నా ఒప్పుకోలు సగమే అగును. పక్కపక్క నున్న రెండంకెలు తారుమారైనచో, వచ్చు తేడా తప్పక తొమ్మిదిచేత భాగింపబడును. 63లో 36 పోయిన 27. 82లో 28 పోయిన 54. 91లో 19 పోయిన 72. ఏ తేడా వచ్చినను మొదట తొమ్మిదిచే భాగించి చూడవలెనని నేను పనిలో చేరిన మొదటి నెలలోనే పెద్ద గుమాస్తాగారు నేర్పిరి. 2,700ను తొమ్మిదిచే భాగించిన సరిగా 300. ఈ లెక్క వేయుటకు నిమేషము చాలును. వేయలేదు. అంకణా కుదిరినది గదా, ఇక వేయుట యెందుకు అనుకొంటిని. అట్లని తొమ్మిదిచే భాగింపబడిన ప్రతి తేడాయును అంకెల తారుమారే యని కాదు. దొంగ కూడ 2,700 తీయవచ్చును. కాని, ఆనాటి రసీదు పుస్తకము అడుగుకాగితములను, అవి నలువదికి మించవు, చిట్టాతో ఒకసారి సరిచూచియుండినచో ఒక కుఱ్ఱవాడు దొంగ కాకుండెడివాడు.

షావుకారుగారు చెడ్డవారు కారు. సంగతి చెప్పగానే గల్లాలోనుండి 1,200 తీసి, వానికి పంపుమనిరి. "పోనీవోయ్, దొరికిందిగా" అని నన్నే ఓదార్చిరి. నేనే తీసికొని వాని యింటికి పోయితిని. వాడు అప్పటికే హైదరాబాదు వెడలిపోయెను. తల్లి బయటికి వచ్చెను. జరిగినదంతయు చెప్పి సొమ్ము ఇచ్చితిని. ఆమె రెండుమార్లు లెక్కపెట్టుకొని, "డబ్బు సరిపోయింది బాబూ. మరి బజార్లో మాటో?" అనెను. కూర్చుండుమని అనలేదు. ఆ బజారులోని దుకాణములన్నిటికిని పోయి, తప్పు నాదియని ఒక్కొక్కరికి చెప్పితిని. కొందఱు విని తలయూపిరి. ఒకరిద్దఱు, ఆ సంగతి తాము అప్పుడే మఱచిపోయితిమనిరి. నేను చెప్పుటవలననే వారికి మరల జ్ఞాపకము వచ్చినదేమో తెలియదు. వానిని నేను మరల చూడలేదు.

నలోపాఖ్యానములో ఋతుపర్ణుడు రథములో పోవుచు, దారిలో నొక విభీతక వృక్షమును, అనగా మన తాండ్రచెట్టును చూచి, దాని ఆకులు కాయలు ఇన్నియని చెప్పును. బాహుకుడుగా నున్న నలుడు ఆ మాటను నమ్మనూ నమ్మడు, కాదననూ కాదనడు. రథము ఆపి దిగును. విదర్భకు ఒక్కదినములో చేరవలసిన తొందర. రాజు ఆలస్యమగునని వలదన్నను వినక, కాయలను లెక్కించి చూచును. రాజు చెప్పినది సరియే అయినది. ఈ కథను నేను అదివఱకు పదిసార్లు చదివియుంటిని. కథ యంతయు అక్షహృదయము కొఱకనియు, కలి విడుచుట కొఱకనియు తలచుచుంటిని. ఆ యేడు వేసవిలో మరల చదివినప్పుడు నా కన్ను ఆ రథము ఆగినచోటనే ఆగిపోయెను. చెప్పినవాడు రాజు, చెప్పినది నిజము, పోవలసిన తొందర. అయినను దిగి లెక్కించెను. లెక్కలు తనిఖీ చేయువానికి ఇంతకు మించిన శాస్త్రము నేనింకను చదువలేదు.

1998లో ఆ కొలువు మాని, మా యింటి వీథిగదిలో ఒక బల్ల, ఒక బీరువా వేసికొని కూర్చుంటిని. మా వృత్తిలో లెక్కలు వ్రాయించుకొనువారిని పార్టీలందురు. మొదటి యేడు మూడే పార్టీలు: ఒక కిరాణా కొట్టు, ఒక బియ్యపు మిల్లు, ఒక సిమెంటు దుకాణము. నెలకు 150 రూపాయలు చొప్పున కుదుర్చుకొంటిని. ఊరందఱి లెక్కలు వ్రాయుటకు కూర్చున్నవాడనై, రెండేండ్లవఱకు నా లెక్క నేను వ్రాసికొనలేదు. వ్రాసికొన్ననాడు నవ్వు వచ్చెను. అమ్మకపు పన్ను కార్యాలయమునకు ఒక పార్టీ పనిమీద నెలకు నాలుగుమార్లు పట్టణము పోవుచుంటిని. పోను రాను బస్సుకు 24 రూపాయలు, నాలుగింటికి 96. కాగితములకును, జిరాక్సులకును 20. 150లో ఇవి పోగా 34 రూపాయలు మిగిలినవి. ఆ 34 రూపాయలకు మూడు దినముల పని. ఆ పార్టీవారు నేను చవుకగా చేయుచున్నానని సంతోషించుచుండిరి గాని, నేను వారికి దానము చేయుచున్నానని వారికిని తెలియదు, నాకును తెలియదు. కొత్తగా ఈ వృత్తిలోనికి రాదలచిన పిల్లలు మొదటి ఖాతా తమ పేరనే తెఱువవలెను.

రుసుము విషయములో ఒక్కటి మాత్రము మొదటినుండి పట్టుబట్టితిని. మిగిల్చిన పన్నులో ఇంతవంతు అని యెన్నడును తీసికొనలేదు. అట్లు తీసికొన్నవాడు పన్ను తగ్గినప్పుడెల్ల తన జేబు నిండుటను చూచును. ఆ చూపుతో పుస్తకము చూచిన అంకెలు కదలును. కొందఱు ధాన్యముగా, కొందఱు సరకుగా ఇచ్చిరి. ఇచ్చినది బస్తా అయినను, దానికి వెలకట్టి, వారి పుస్తకములోను నా పుస్తకములోను వ్రాసితిని. ఇవ్వనివారు కలరు. వారి పేర్లు చెప్పను. ఇదే సభలో ఇద్దఱు కూర్చుండియున్నారు, వారికి తెలియును.

పేర్లు చెప్పకుండుట ఈ వృత్తిలో సగము. పట్టణములో లెక్కలు వ్రాయువానికి పార్టీవారు సాయంకాలమునకు కనబడకపోవచ్చును. పల్లెలో అట్లు కాదు. ఎవరికి ఎంత అప్పో, ఎవరి మిల్లు ఎవరికి తాకట్టో, ఏ అన్నదమ్ముల నడుమ ఏ అంకె నలుగుచున్నదో తెలిసికొని, వారి పక్కనే పంక్తిలో కూర్చుండి భోజనము చేయవలెను. అరణ్యపర్వ శేషములో ద్రౌపది సత్యభామతో, పాండవుల ఆదాయ వ్యయములన్నియు తానొక్కతెయే యెఱుగుదునని చెప్పును. ఐదుగురు భర్తలు, అంత పరివారము, అంత బొక్కసము, తెలిసినది ఆమెకొక్కతెకే. ఆ ఘట్టమును పతివ్రతా ధర్మముగా పెద్దలు వ్యాఖ్యానింతురు. నాకు ఆమె మొట్టమొదట గొప్ప కోశాధికారిణిగా కనబడును. ఒకప్పుడు ఇద్దఱన్నదమ్ములు పాలు పంచుకొనుచు, ఇద్దఱును నాయొద్దకే వేఱువేఱుగా వచ్చి, రెండవవాని సంగతి యడిగిరి. ఇద్దఱికిని ఒకే సమాధానము చెప్పితిని: "ఇద్దరూ కలిసి రండి, ఇద్దరి ముందూ చదువుతాను." ఆఱు నెలలు ఇద్దఱును నాతో మాటలాడలేదు. తరువాత కలిసియే వచ్చిరి.

ఇక పన్నుల సంగతి. నేను కూర్చున్ననాడు 1957 నాటి అమ్మకపు పన్ను చట్టము; 2005 ఏప్రిలు నుండి వ్యాట్; 2017 జులై 1 నుండి జి.ఎస్.టి. చట్టము మాఱినప్పుడెల్ల, తెలిసినదంతయు మఱచి మొదటినుండి నేర్చుకొనవలసివచ్చెను. మూడవ మార్పునాటికి నాకు నలువదియాఱేండ్లు. కాగితము పోయి అంతయు తెరమీదికి వచ్చినది. మా అమ్మాయి పక్కన కూర్చుండి నేర్పెను. మొదటి నెల పత్రములు అందఱును ఒక్కసారిగా పంపబూనగా ఆ యంత్రాంగము మొరాయించెను. గడువు పొడిగింపవలసివచ్చెను. ఆ రాత్రులలో, ఫసలీ ముగియు జూన్ నెలాఖరున కరణములందఱును మేల్కొని లెక్కలు మూయుచుండిన కాలము నాకు జ్ఞాపకము వచ్చెను.

ఇప్పుడు నెలనెల పత్రము వేయువారికి అమ్మకముల వివరమునకు 11వ తేది, పన్ను చెల్లింపు పత్రమునకు 20వ తేది గడువు. ఆలస్యమైనచో దినమునకు 50 రూపాయలు రుసుము. వ్యాపారమే లేనివానికి 20. పన్ను బాకీపై నూటికి 18 వడ్డీ. మా పార్టీలలో అధికులు 19వ తేది సాయంకాలము, దీపములు పెట్టువేళకు, ప్లాస్టిక్ సంచినిండ బిల్లులు తెచ్చి బల్లమీద బోర్లింతురు. వానిలో తడిసినవి, చీమలు పట్టినవి, ఇంటి కరెంటు బిల్లులు, ఒకసారి పెండ్లి శుభలేఖ. నేను 5వ తేది దాటి వచ్చిన సంచికి వేఱుగా రుసుము పెట్టితిని. రెండు నెలలలో సగముమంది 5వ తేదికే వచ్చిరి. ఉపదేశము ఇరువది యేండ్లు చేసినది దీనిలో పదోవంతు పని చేయలేదు.

బ్యాంకు అప్పు కొఱకు నమోదు చేయించుకొని, అప్పు రాకపోగా నమోదు సంగతి మఱచినవారు కొందఱున్నారు. వ్యాపారము లేకున్నను పత్రము వేయవలెనని వారికి తెలియదు. దినమునకు ఇరువది కదాయని తేలికగా కొట్టివేయరాదు. ఏడాదికి అదెంతయో పిల్లలే గుణించి చూడుడు. ఈ ఊరిలో ఎవరికైనను అట్టి పాత నమోదున్నచో రేపే వచ్చి చెప్పుడు. దానిని రద్దు చేయించు మార్గమున్నది, దానికి నాకు రుసుము అక్కఱలేదు.

పూర్వము కరణము రైతుచేత వ్రేలిముద్ర వేయించుకొనెడివాడు. ఇప్పుడు నేను ఫోను చేసి, "ఓటీపీ వచ్చింది, చెప్పండి" అందును. రెండును ఒకటే. ఏమి వ్రాసియున్నదో తెలియక ముద్ర వేసినవాని కష్టము మా యింటివారి కాలములో ఊరెఱుగును. అందుచేత ఓటీపీ అడుగుటకు ముందు, అమ్మకము ఇంత, పన్ను ఇంత, ఇదిగో ఇది పంపుచున్నాను అని అంకెలు చదివి వినిపింతును. "మీరు చేస్తే చాలులెండి, నాకెందుకు" అని విసుగుకొందురు. విసుగుకొన్నను వినిపింతును.

చేయలేనిది కూడ చెప్పవలెను. నేను చార్టర్డ్ అకౌంటెంటును కాను. 1949 నాటి చట్టము ప్రకారము తనిఖీ నివేదికపై వ్రాలు చేయు అర్హత వారిది. వారి వద్దకు పోవలసిన లెక్కను పోవునట్లు సిద్ధము చేయుటవఱకే నా పని. బి.కాం. పిల్లలలో శక్తి, ఓర్పు గలవారు ఆ పరీక్షలకు పోవుటయే మేలు. పోలేనివారు చిన్నబుచ్చుకొన నక్కఱలేదు. చిన్న దుకాణదారునకు కావలసినది వ్రాలు కాదు. తన కొట్టులో లాభమున్నదో లేదో చెప్పువాడు కావలెను. నూటికి ఎనిమిది, బ్యాంకు ద్వారా వచ్చినదానిపై ఆఱు చొప్పున లాభము అంచనాగా చూపి పన్ను కట్టు సదుపాయము చిన్నవర్తకులకు ఉన్నది గదా, ఇక లెక్కలెందుకని చాలమంది మానివేసిరి. పన్ను అధికారికి అక్కఱలేకున్నను, కొట్టువానికి అక్కఱలేదా? అంచనాగా ఎనిమిది చూపుచు, నిజముగా నష్టములో మునిగిన కొట్టును నేను చూచితిని. మూడేండ్లవఱకు యజమానికే తెలియలేదు.

పుల్లెల శ్రీరామచంద్రుడుగారు తెలిగించిన కౌటిల్యుని అర్థశాస్త్రమును ఈ గ్రంథాలయములోనే, అదిగో ఆ కిటికీ పక్క కుర్చీలోనే కూర్చుండి చదివితిని. ఆ గ్రంథము పేరే తప్ప ప్రతి కనబడక యుండగా, 1905లో ఒక తాళపత్ర ప్రతి మైసూరు ప్రాచ్య గ్రంథాలయమునకు చేరెను. అక్కడి శ్యామశాస్త్రిగారు దానిని గుర్తించి 1909లో అచ్చువేయించిరి. గ్రంథాలయము లేనిచో కౌటిల్యుడు లేడు. అందులో లెక్కలవారు ఆషాఢమునకు పుస్తకములు, నిలువ సొమ్ము ముద్రవేసి తేవలెననియు, వచ్చినవారిని ఒకరితో నొకరు మాటలాడనీయరాదనియు నున్నది. రాజధనమును అపహరించు విధములు నలువది చెప్పబడినవి. పెన్సిలు పట్టుకొని గుర్తు పెట్టుకొంటిని. నలువదింటిలో పండ్రెండు నేను స్వయముగా చూచినవే. పుస్తకము గ్రంథాలయమునది కనుక గుర్తులు తరువాత చెఱిపివేసితిని.

ఆ పండ్రెండింటిలో ఒకటి నా బల్లవఱకు వచ్చెను. సరకు రాకుండ బిల్లు మాత్రము వచ్చినట్లు వ్రాసి, కట్టని పన్నును కట్టినట్లు చూపి తగ్గించుకొనుట. అడిగినది నా రాబడిలో నాలుగవవంతు ఇచ్చుచుండిన పార్టీ. వ్రాయననగా, పుస్తకములు తీసికొని వెడలిపోయిరి. ఆ యేడే మా యింట పెండ్లి. నేను ధీరోదాత్తుడనై వద్దంటినని మీరనుకొనవలదు. ఆ రాత్రి నిద్రపట్టలేదు. మఱునాడు పోయి వ్రాసెదనని చెప్పుదునాయని కూడ అనుకొంటిని. చెప్పులు తొడుగుకొని వీథిలోనికి వచ్చి, మరల లోనికి పోయితిని. ఆపినది శాస్త్రము కాదు. ఆ తల్లి రెండుమార్లు లెక్కపెట్టిన నోట్లు జ్ఞాపకము వచ్చినవి. పెండ్లికి అప్పు చేసితిని. అది తీఱుటకు నాలుగేండ్లు పట్టినది.

లెక్క తేలనప్పుడు దానికొక చోటు మన పూర్వులే యేర్పఱచిరి. అనామతు ఖాతా యందురు. ఎందుకు వచ్చినదో, ఎవరిదో తెలియని మొత్తమును దొరికిన తల క్రింద త్రోసివేయక, తెలియదని ఒప్పుకొని అందు వ్రాసి, తెలిసిననాడు తీసివేయుదురు. 1994లో ఆ 2,700ను అనామతులో వ్రాసియుండవలసినది. వ్రాయుడని చెప్పుటకు షావుకారుగారి యెదుట నాకు నోరు రాలేదు. తెలియదనిన గుమాస్తాకు చేతకానట్లగునని భయము. నా వద్ద పని నేర్చుకొనుటకు వచ్చు పిల్లలకు నేను మొదట తెఱిపించు ఖాతా ఇదియే; ఏడాది చివర అది నిండుగా నున్నచో కోపపడను, ఖాళీగా నున్నచో మాత్రము రసీదులు తెమ్మందును.

చివరకు మన గ్రంథాలయపు లెక్క. 2000లో దీనిని స్థాపించిననాటినుండి కోశాధికారిగా నేనే యుండుట మీ దయ, కొంత యెవరును ముందుకు రాకపోవుట. ఏటేట లెక్క చదువుచునే యున్నాను. ఈ యేటి లెక్క అచ్చువేసి గోడకు అంటించితిమి. తీసికొనిపోయి తిరిగి యీయని పుస్తకములు 61. ఇక్కడను పేర్లు చదువను.

ఆ లెక్కలో అనామతు క్రింద ఒక పద్దు ఇరువదియైదేండ్లుగా సాగుచున్నది. ప్రారంభోత్సవమునాడు, సభ ముగిసి బల్లలు సర్దుచుండగా, చందాల పుస్తకము క్రింద ఒక కవరు దొరికినది. అందులో 1,116 రూపాయలు. పేరు లేదు, చిరునామా లేదు. సంఘము వారు విరాళములలో కలిపివేయుమనిరి. రసీదు ఎవరి పేర వ్రాయుదునని నేను కలుపలేదు. ప్రతి సంవత్సరమును ఆ పద్దును ముందు సంవత్సరమునకు దింపుచునే వచ్చితిని. ఆ సొమ్ము ఇచ్చినవారు ఈ సభలో నున్నచో, సభ ముగిసిన పిమ్మట నా వద్దకు వచ్చి పేరు చెప్పుడు. రసీదు పుస్తకము నా సంచిలో నున్నది.